పాత స్పోర్ట్స్ కారుకి పెద్ద బ్రేకులు కావాలా, బాగున్న బ్రేకులు కావాలా?

1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మజ్డా కంపెనీ ఒక చిన్న రెండు సీట్ల కారును చూపించింది. అమెరికాలో దాని పేరు మియాటా, యూరప్‌లో ఎంఎక్స్-5, జపాన్‌లో మొదట్లో యూనోస్ రోడ్‌స్టర్. బరువు టన్నుకి లోపు, ఇంజన్ 1.6 లీటర్లు, ఇంజన్ బలం అందేది వెనక చక్రాలకి. 2016 నాటికి అన్ని తరాలూ కలిపి పది లక్షల కార్లు తయారయ్యాయి. మజ్డా కార్లు మన దేశంలో అమ్మరు కాబట్టి హైదరాబాద్ రోడ్ల మీద ఇది కనిపించదు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకి మాత్రం, పాత స్పోర్ట్స్ కారు కొనుక్కుని రోజూ ఆఫీసుకి నడుపుకోవాలన్న సరదా పుడితే ముందుగా వినిపించే పేర్లలో ఇదొకటి.

మొదటి తరం మియాటాల తయారీ 1997తో ఆగిపోయింది. అంటే వాటిలో ఆఖరి కారు కూడా పాతికేళ్లు ఎప్పుడో దాటేసింది. ఇలాంటి కారు కొన్న కొన్నాళ్లకే ఒక అనుమానం మొదలవుతుంది. పెడల్ కాస్త లోతుకి పోతోంది, పక్క లైనులో కొత్త కారు ఆగినంత చటుక్కున ఇది ఆగడం లేదు, హ్యాండ్ బ్రేక్ ఎంత లాగినా పట్టీపట్టనట్టుంది. వెంటనే మనసు పోయేది పెద్ద డిస్కుల మీదకి, నాలుగు పిస్టన్ల రంగు కాలిపర్ల మీదకి. చక్రంతో పాటు తిరిగేది డిస్కు, దాన్ని రెండు వైపులా ప్యాడ్లతో నొక్కి పట్టేది కాలిపర్, ఆ ప్యాడ్లను నెట్టేది పిస్టన్. డబ్బు ఖర్చు పెట్టాలి, కారు బాగుపడాలి, చూడ్డానికీ బాగుండాలి. ఆ కోరిక అర్థమయ్యేదే. కానీ ఈ కారు బ్రేకులు పుట్టుకతో బలహీనమైనవి కావు. ఏళ్లు గడిచి బలహీనపడ్డాయి. ఆ బలహీనత ఎక్కడ చేరిందో వెతక్కుండా పెద్ద కాలిపర్ బిగిస్తే, జబ్బు అలాగే ఉండి పైన కొత్త చొక్కా తొడిగినట్టవుతుంది.

లెక్క నుంచి మొదలుపెట్టాలి

బ్రేకు చేసే పని కారుకున్న వేగాన్ని వేడిగా మార్చి గాలిలోకి వదలడం. ఇద్దరు కూర్చున్న మియాటా బరువు 1,100 కిలోలు అనుకుందాం. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో దానికుండే శక్తి సుమారు 424 కిలోజౌళ్లు. మామూలుగా 30 డిగ్రీలుండే కుళాయి నీళ్లు దాదాపు లీటరున్నర తీసుకుని, మరగడం మొదలయ్యేదాకా కాచడానికి సరిపోయే వేడి అది. మంచి టైర్ల మీద గట్టిగా బ్రేకు కొడితే ఈ కారు మూడు సెకన్ల పైచిలుకులో ఆగుతుంది. పొయ్యి మీద నిమిషాలు పట్టే పని మూడు సెకన్లలో అయిపోతోందన్నమాట. సగటున ఇది 135 కిలోవాట్ల దాకా వస్తుంది. 116 హార్స్‌పవర్ ఇంజన్ తన శక్తంతా పెట్టి ఇవ్వగలిగేది 86 కిలోవాట్లే. కారులో అన్నిటికంటే బలమైన యంత్రం బానెట్ కింద కాదు, చక్రాల లోపల ఉంది. పాత కారు కొనేటప్పుడు ఇంజన్ చప్పుడు గంటసేపు విని, బ్రేకుల వైపు ఒక్కసారైనా వంగి చూడనివాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

వేగం రెట్టింపైతే ఈ వేడి నాలుగింతలవుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో ఇదే కారు శక్తి 106 కిలోజౌళ్లే. ఊళ్లో సిగ్నళ్ల దగ్గర ఆగి కదిలే కారు బ్రేకులకి, హైవే మీద 120లో పోతూ ఒక్కసారిగా ఆపాల్సొచ్చిన కారు బ్రేకులకి మధ్య తేడా ఇంత పెద్దది.

గట్టిగా బ్రేకు పడినప్పుడు బరువు ముందుకి తూలుతుంది కాబట్టి ఈ వేడిలో సుమారు 70 శాతం ముందు చక్రాల వంతు. ముందు డిస్కు ఒక్కోటి నాలుగు కిలోలు అనుకుంటే, 100 నుంచి ఒక్కసారి ఆపినందుకు ఒక్కో డిస్కు వేడి 80 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. ఒక్కసారికి ఇది పెద్ద విషయం కాదు, నిమిషాల్లో చల్లారిపోతుంది. చల్లారే టైమివ్వకుండా ఐదుసార్లు ఆపితే డిస్కు 400 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు మామూలు ప్యాడ్లు జారడం మొదలుపెడతాయి, లోపలి బ్రేక్ ఆయిల్‌కి కూడా సెగ తగులుతుంది.

తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మలుపుల దగ్గర వచ్చే ఆ కాలిన వాసన తెలుగువాళ్లందరికీ తెలుసు. అదీ ఈ లెక్కే. 700 మీటర్ల ఎత్తు నుంచి ఇదే కారును గేర్ల సాయం లేకుండా బ్రేకులతోనే దింపితే, 100 నుంచి 18 సార్లు ఆపినంత వేడి వాటి మీద పడుతుంది. అందుకే దిగేటప్పుడు రెండో గేరులో ఉండమని పాత డ్రైవర్లు చెబుతారు. కొండ దారికి అది ఏ పెద్ద బ్రేక్ కిట్ కన్నా మంచి సలహా.

ఇక్కడినుంచి ముఖ్యమైన సంగతి ఒకటి బయటపడుతుంది. పెద్ద డిస్కు ఎక్కువ వేడిని మింగుతుంది, అందువల్ల మళ్లీ మళ్లీ ఆపినా తట్టుకుంటుంది. కానీ ఒక్కసారి ఆపే దూరాన్ని తగ్గించేది డిస్కు కాదు, టైరు. బాగున్న పాత బ్రేకులతోనే పెడల్ గట్టిగా తొక్కితే టైర్లు జారే దాకా వస్తున్నాయంటే, లేదా ఏబీఎస్ (చక్రాలు లాక్ అయి, అంటే తిరగడం ఆగి, జారకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో పెడల్ కింద కొట్టుకుంటోందంటే, అప్పటికే బ్రేకులు టైర్ల పట్టు మొత్తం వాడేస్తున్నాయి. ఆ స్థితిలో కాలిపర్ ఎంత పెద్దదైనా కారు ఒక అడుగు ముందు కూడా ఆగదు.

కాబట్టి ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు టైర్లు. టైరు పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2314 అని ఉంటే 2014లో 23వ వారం అన్నమాట. ట్రెడ్ ఎంత లోతున్నా, అంత పాత రబ్బరు గట్టిపడిపోయి తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. తక్కువ దూరాలు తిరిగిన స్పోర్ట్స్ కార్లలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే టైర్లు అరిగే లోపే ముసలివైపోతాయి. మజ్డా 2017లో జపాన్‌లో మొదటి తరం కార్లకి రిస్టోరేషన్ సేవలు ప్రకటించినప్పుడు, ఆగిపోయిన విడిభాగాలతో పాటు అప్పటి 185/60 ఆర్14 సైజు బ్రిడ్జ్‌స్టోన్ టైర్లను కూడా మళ్లీ తయారు చేయించింది. కారు కొత్తదానిలా నడవాలంటే టైరు నుంచి మొదలుపెట్టాలని తయారీదారుకే అనిపించిందన్నమాట.

ఏళ్లు ఎక్కడ చేరతాయి

బ్రేక్ ఆయిల్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ మర్చిపోయేది అదే. ఆయిల్ డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని రాసి ఉండే రకాలు గాలిలో తేమను పీల్చుకుంటాయి. మూత బిగించే ఉన్నా రబ్బరు హోసుల గుండా, ఆయిల్ నిల్వ ఉండే రిజర్వాయర్ గాలి రంధ్రం గుండా తేమ చేరుతుంది. కొత్త డాట్ 3 మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గర. అందులో 3.7 శాతం నీరు చేరాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. డాట్ 5.1కి 260, 180. విశాఖపట్నం, హ్యూస్టన్ లాంటి ఉక్క ఊళ్లలో తేమ ఇంకా తొందరగా చేరుతుంది. ఆయిల్ మరిగితే బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది, దాంతో పెడల్ కిందికంటా పోతుంది, కారు మాత్రం ఆగదు. ముందు ఏ హెచ్చరికా ఉండదు, నిన్నటి దాకా బాగానే ఉన్న బ్రేకు కొండ కింద ఒక మలుపులో లేకుండా పోతుంది. పైగా ఆ నీరే లోపలి నుంచి పిస్టన్లను, సిలిండర్ గోడలను తుప్పు పట్టిస్తుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనడం వెనక ఉన్న కారణం ఇది. డాట్ 5 అన్నది వేరే జాతి. అది సిలికాన్ ఆయిల్, మిగతావాటితో కలవదు. 5.1ని, 5ని ఒకటే అనుకుని పోసినవాళ్లు మొత్తం విప్పి కడుక్కోవాల్సి వస్తుంది.

తర్వాత ఆ ఆయిల్‌ని చక్రాల దగ్గరికి చేర్చే రబ్బరు హోసులు. ఈ కారుకి నాలుగు చక్రాలకీ నాలుగున్నాయి. పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి దారి మూసుకుపోవడం వీటి జబ్బు. పెడల్ తొక్కే బలం ఎక్కువ కాబట్టి ఆయిల్ లోపలికి దూరుతుంది. వదిలాక తిరిగి వచ్చే బలం తక్కువ, అందుకే అక్కడే నిలిచిపోతుంది. ఒక చక్రం పట్టేసి ఉంటుంది, వేడెక్కుతుంది, మైలేజీ తగ్గుతుంది, ప్యాడ్లు ఒక వైపే అరుగుతాయి. చాలామంది కాలిపర్ పోయిందని కాలిపర్ మారుస్తారు, పాత హోసు అలాగే బిగిస్తారు, నెలలోపు జబ్బు తిరిగొస్తుంది. దారి మరీ మూసుకుపోతే ఆ చక్రానికి బ్రేకు సరిగా అందదు, కారు రెండో వైపుకి లాగుతుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. కారు కుడికి లాగుతోందంటే జబ్బు కుడి చక్రానిదని అనుకుంటారు. పని చేస్తున్నది కుడిదే, చేయనిది ఎడమది కావచ్చు. కొంతదూరం నడిపాక నాలుగు చక్రాల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే ఈ చిక్కు విడిపోతుంది. ముందు రెండూ దాదాపు ఒకేలా, వెనక రెండూ ఒకేలా ఉండాలి. ఒకటి విడిగా కాలుతుంటే అక్కడ పట్టేసింది, విడిగా చల్లగా ఉంటే అక్కడ పని జరగడం లేదు.

పాత హోసులు మార్చేటప్పుడు స్టీలు అల్లికతో వచ్చే హోసులు వేసుకుంటే పెడల్ గట్టిపడుతుందని అంటారు. నిజమే. కానీ ఆ తేడాలో ఎక్కువ భాగం ముప్పై ఏళ్ల రబ్బరు తీసేయడం వల్ల వచ్చిందే. మంచి కొత్త రబ్బరు హోసులు వేసినా చాలావరకు అదే సుఖం దక్కుతుంది.

కాలిపర్ లోపల జరిగేది ఇంకా మెలికైన పని. ఈ కారు కాలిపర్‌కి పిస్టన్ ఒక వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడును నెడుతుంది, కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద పక్కకి జరిగి బయటి ప్యాడును లాక్కొస్తుంది. ఆ పిన్నులు ఎండిపోయి, తుప్పు పట్టి బిగుసుకుంటే బయటి ప్యాడ్ పని చేయదు. ప్యాడ్లు విప్పినప్పుడు లోపలిది రేకు దాకా అరిగి, బయటిది కొత్తదానిలా కనిపిస్తే అపరాధి పిన్నే. రెండు పిన్నులూ బయటకి లాగి, శుభ్రంగా తుడిచి, బ్రేకులకి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాసి తిరిగి పెట్టడం గంటలోపు పని. చాలా పాత కార్లకి మొత్తం బ్రేక్ రిపేరులో అతి పెద్ద లాభం ఇచ్చేది ఈ గంటే. షెడ్డులో చేతికి అందిన మామూలు పెట్రోలియం గ్రీజు ఇక్కడ పనికిరాదు, దాని వల్ల రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది.

పిస్టన్ చుట్టూ ఒక చదరపు అంచు రబ్బరు రింగు ఉంటుంది. పెడల్ వదిలాక పిస్టన్‌ని వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, ఆ రింగే. తొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు కాస్త మెలితిరిగి, వదిలాక తన రూపానికి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. ఆ రబ్బరు గట్టిపడ్డా, పిస్టన్ మీద తుప్పు మచ్చలు పడ్డా బ్రేకు వదలదు. రబ్బర్ కిట్ ఖరీదు తక్కువే. పిస్టన్ పైపూత చెడిపోకపోతే కిట్ సరిపోతుంది, చెడిపోతే పిస్టన్ కూడా మార్చాలి.

రోజూ నడిచే కారుకి వెనక బ్రేకుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మెల్లగా ఆపే ఊరి ప్రయాణాల్లో వెనక డిస్కులకి గట్టి పని పడదు, అవి వేడెక్కవు, అందువల్ల తడి ఆరదు, తుప్పు పడుతుంది. రేసు ట్రాకుకి వెళ్లే కారుకి శత్రువు వేడి. ఆఫీసుకి వెళ్లే కారుకి శత్రువు తుప్పు, బద్ధకం. రెండూ వేర్వేరు జబ్బులు కాబట్టి మందులూ వేరు. ట్రాకు మనుషుల సలహాలు చదివి ఆఫీసు కారుకి వాడితే డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది.

మియాటా వెనక కాలిపర్‌లో ఇంకో చిత్రముంది. హ్యాండ్ బ్రేక్ యంత్రం ఆ కాలిపర్ లోపలే ఉంటుంది. ముందు చక్రాల ప్యాడ్లు మార్చేటప్పుడు బిగింపు పెట్టి పిస్టన్‌ని లోపలికి నొక్కినట్టు ఇక్కడ నొక్కకూడదు. నొక్కితే అది పోదు, పట్టుబట్టి బలం పెడితే లోపల యంత్రం పాడవుతుంది. కాలిపర్ వెనక ఒక చిన్న బోల్టు మూతలా ఉంటుంది. దాన్ని తీస్తే లోపల 4 ఎంఎం అలెన్ కీ పట్టే స్క్రూ కనిపిస్తుంది. దాన్ని ఎడమకి తిప్పితే పిస్టన్ వెనక్కి పోతుంది. కొత్త ప్యాడ్లు పెట్టాక కుడికి తిప్పుతూ ప్యాడ్లు డిస్కును పట్టేదాకా తెచ్చి, అక్కడినుంచి చుట్టులో మూడో వంతు వెనక్కి వదలాలి. ఈ సర్దుబాటు తెలియక వదిలేసిన కార్లు ఎన్నో. పెడల్ లోతుకి పోతోంది, పైపుల్లో ఎయిర్ ఉందని పదిసార్లు బ్లీడింగ్ చేస్తారు (అంటే ఆయిల్‌తో పాటు ఆ గాలిని బయటకి తీస్తారు), పెడల్ తొక్కుడుని ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ మారుస్తారు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగిస్తారు. అసలు కారణం వెనక పిస్టన్లు ప్యాడ్లకి దూరంగా ఉండడం. చుట్టులో కొంత తిప్పితే పోయే జబ్బుకి వేల రూపాయలో, వందల డాలర్లో పోతాయి.

మంచు కురిసే చోట రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి న్యూజెర్సీ, మిచిగన్ లాంటి రాష్ట్రాల్లో తిరిగిన కారైతే స్టీలు బ్రేక్ పైపులను కింద పడుకుని మరీ చూడాలి. పైన తుప్పు పొరలుగా లేస్తుంటే మార్చాల్సిందే. తుప్పు పట్టని రాగి-నికెల్ పైపు చేత్తో వంగుతుంది, దాంతో పని సులువు. కొసలు మాత్రం డబుల్ ఫ్లేర్ పద్ధతిలోనే, అంటే అంచు విప్పార్చి రెండు పొరలుగా, మడవాలి. తెగిన చోట నీళ్ల కుళాయి పైపులకి పెట్టే కంప్రెషన్ జాయింట్ పెట్టి అతికించడం బ్రేక్ పైపు విషయంలో ప్రాణాల మీదకి తెచ్చే పని.

మాస్టర్ సిలిండర్ ముసలితనం ఒక లక్షణంతో బయటపడుతుంది. సిగ్నల్ దగ్గర పెడల్ మీద మెత్తగా కాలు ఆనించి ఉంచితే అది నెమ్మదిగా కిందకి జారుతుంది, బయట ఎక్కడా ఆయిల్ కారదు. లోపలి సీళ్లు ఆయిల్‌ని పక్కకి వదిలేస్తున్నాయన్నమాట. దీనికి ఒక ముందుజాగ్రత్త కూడా ఉంది. ఎయిర్ తీసేటప్పుడు పాత సిలిండర్ పెడల్‌ని ఎప్పుడూ నేల దాకా తొక్కకూడదు. రోజువారీ నడకలో పిస్టన్ తిరగని లోపలి భాగంలో ఏళ్ల తరబడి తుప్పు, మడ్డి చేరి ఉంటాయి. సీలు దాని మీదుగా వెళ్తే గీరుకుపోతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెడితే ఈ ప్రమాదం తప్పుతుంది. బ్లీడింగ్‌కి ముందు బాగానే ఉన్న కారు, బ్లీడింగ్ తర్వాత పాడైందని మెకానిక్‌ని తిట్టుకునే సందర్భాల్లో కారణం చాలాసార్లు ఇదే.

అప్పుడు అప్‌గ్రేడ్

ఇవన్నీ అయ్యాక కూడా కారు సరిపోవడం లేదనిపిస్తే, ఉదాహరణకి తరచూ కొండ దారులు, ఏడాదికి నాలుగైదుసార్లు ట్రాకు, ఇంజన్ బలం పెంచిన కారు, అప్పుడు పెద్ద బ్రేకులకి అర్థముంది. మియాటాకి ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. పెద్ద బ్రేకుల్ని మజ్డానే చేసి పెట్టింది. 1.6 ఇంజన్ కారుకి ముందు డిస్కు 235 ఎంఎం, వెనకది 231. 1994 మోడల్ నుంచి వచ్చిన 1.8 కారుకి అవి 255, 251. తర్వాతి తరంలో స్పోర్ట్ బ్రేకుల పేరుతో వచ్చినవి ముందు 270, వెనక 276. కాలిపర్‌ని పట్టి ఉంచే 1.8 బ్రాకెట్లు, డిస్కులు, ప్యాడ్లు 1.6 కారుకి నేరుగా బిగుస్తాయి. ముందు చక్రాలకి పాత కాలిపర్ బాడీనే వాడుకోవచ్చు. 14 అంగుళాల చక్రాల లోపలే ఇవి ఇముడుతాయి. స్పోర్ట్ బ్రేకులకి మాత్రం 15 అంగుళాల చక్రాలు కావాలి. ఇక్కడ చక్రాలు, టైర్ల ఖర్చు కూడా కలిసొస్తుందని ముందే లెక్కేసుకోవాలి.

రోజూ నడిచే 1.6 కారుకి 1.8 బ్రేకుల సెట్టు సరైన మెట్టు. అంతకంటే పెద్దవి చాలామందికి అవసరం లేనివి. ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు. కానీ 950 కిలోల కారుకి ఆరు పిస్టన్ల కాలిపర్ పెట్టడం వల్ల రోడ్డు మీద దక్కేది చక్రం దగ్గర అదనపు బరువు, సులువుగా దొరకని ప్యాడ్లు, వాటికయ్యే ఖర్చు.

సెట్టు అన్న మాట మీద నిలబడాలి. ముందు, వెనక బ్రేకుల మధ్య వాటా కంపెనీ జాగ్రత్తగా కుదిర్చి ఉంటుంది. ముందు మాత్రమే పెద్దవి చేస్తే వెనకవాటికి పని తగ్గి, మొత్తం ఆపే దూరం పెరిగే అవకాశం కూడా ఉంది. వెనక మాత్రమే బలం పెంచితే అది ఇంకా ప్రమాదం. తడి రోడ్డు మీద ముందు చక్రాల కన్నా వెనక చక్రాలు ముందే లాక్ అయితే, ముఖ్యంగా మలుపులో, తక్కువ పొడవున్న ఇలాంటి కారు గిర్రున తిరిగిపోతుంది. ముందు చక్రాలు లాకైతే కారు నేరుగా జారుతుంది. అదీ మంచిది కాదు, కానీ డ్రైవర్ కాలు తీసి సర్దుకునే వీలుంటుంది. ఏ తయారీదారైనా ముందువే మొదట లాక్ అయ్యేలా ఎందుకు పెడతాడో దీంతో తెలుస్తుంది. ముందుకి ట్రాకు ప్యాడ్లు, వెనకకి పాత ప్యాడ్లు అన్నట్టు కలగాపులగం చేసినా ఇదే వాటా చెడుతుంది.

ప్యాడ్ల ఎంపికలో అమెరికాలో అమ్మే వాటి అంచు మీద ముద్రించే రెండక్షరాల కోడ్ పనికొస్తుంది. మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పటి రాపిడి, రెండోది వేడెక్కాక. ఇంగ్లిష్ అక్షరం E ఉంటే 0.25 నుంచి 0.35, F ఉంటే 0.35 నుంచి 0.45, G ఉంటే 0.45 నుంచి 0.55. పొద్దున్నే గ్యారేజీ నుంచి బయటకొచ్చి మొదటి మలుపులో పిల్లాడు అడ్డొస్తే కావాల్సింది మొదటి అక్షరం. ట్రాకు ప్యాడ్లు వేడెక్కే దాకా సరిగా పట్టవు, కీచుమంటాయి, డిస్కును కొరికేస్తాయి. ఆఫీసు దారిలో అవి వేడెక్కే సందర్భమే రాదు. ఒక్క కోడ్ చూసి ప్యాడ్ మంచిచెడ్డలు తేల్చలేం గానీ, చల్లని పట్టు తక్కువున్నదాన్ని పక్కన పెట్టడానికి అది చాలు.

డిస్కుల్లో రంధ్రాలున్నవి చూపుకి బాగుంటాయి, గట్టి వాడకంలో రంధ్రాల దగ్గర బీటలు వస్తాయి. రోజువారీ కారుకి సాదా డిస్కు చాలు. డిస్కు మీదే కనీస మందం పోతపోసి ఉంటుంది, అంతకంటే సన్నబడితే మార్చాల్సిందే.

స్టీరింగ్ వణికితే డిస్కు వంగిందంటారు. నిజంగా వంగడం అరుదు. ఎక్కువసార్లు జరిగేది రెండు సంగతులు. డిస్కు, చక్రం బిగిసే హబ్ ముఖం మీద తుప్పు గీకకుండా కొత్త డిస్కు బిగిస్తే అది వెంట్రుకంత ఒరుగుతుంది. వేల కిలోమీటర్లు తిరిగే సరికి ఒక చోట ఎక్కువ అరిగి మందం తేడా వస్తుంది. రెండోది, వేడి డిస్కు మీద ప్యాడ్ మెటీరియల్ ఒకే చోట అంటుకోవడం. గట్టిగా బ్రేకు కొట్టి ఆగి, సిగ్నల్ దగ్గర పెడల్ నొక్కే ఉంచితే ఇదే జరుగుతుంది. వీల్ నట్లు ఎలా పడితే అలా ఇంపాక్ట్ గన్‌తో బిగించినా డిస్కు ఒత్తిడికి గురవుతుంది. బిగువు ఎంతో కొలిచే టార్క్ రెంచితో సుమారు 100 న్యూటన్ మీటర్లకి, ఎదురెదురుగా బిగించాలి.

పనిలోకి దిగేటప్పుడు

ఇది రోజూ నడిచే కారు కాబట్టి వారం రోజులు జాకీల మీద నిలబెట్టడం కుదరదు. శనివారం విప్పి, పిస్టన్ తుప్పు పట్టిందని చూసి, సోమవారం ఆఫీసుకి ఎలా వెళ్లాలా అని టెన్షన్ పడటం కన్నా, పాత కాలిపర్ల జత ఒకటి ముందే కొనుక్కుని, బల్ల మీద తీరిగ్గా విప్పి, రబ్బర్ కిట్లు వేసి సిద్ధం చేసుకోవడం మంచిది. హోసులు, ప్యాడ్లు, డిస్కులు, కొత్త రాగి వాషర్లు, సీల్ తీయని ఆయిల్ డబ్బాలు పక్కన పెట్టుకుంటే ఒక వారాంతంలో మార్పిడి అయిపోతుంది. కారు కింద దూరే ముందు జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా స్టాండ్లు పెట్టాలి. ప్యాడ్ల దుమ్మును గాలి కొట్టి లేపకూడదు, పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవాలి. ఆయిల్ చుక్క రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది.

ఎయిర్ తీసేది మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలు. ఎడమ స్టీరింగ్ కారుకి అది వెనక కుడిది. రిజర్వాయర్ ఒక్కసారి ఖాళీ అయినా పని మళ్లీ మొదటికొస్తుంది.

బిగింపు పూర్తయ్యాక స్టార్ట్ చేసే ముందు పెడల్‌ని గట్టిపడేదాకా కొన్నిసార్లు తొక్కాలి. పిస్టన్లు వెనక్కి నొక్కేసి ఉంటాయి కాబట్టి మొదటిసారి పెడల్ నేలకి పోతుంది. ఇది మర్చిపోయి గ్యారేజీ గోడకి కొట్టినవాళ్లున్నారు. తర్వాత ఇంజన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, పెడల్ మీద కాలుంచి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందకి దిగాలి, కాలి బలాన్ని పెంచే బూస్టర్ పని చేస్తోందనడానికి అది గుర్తు. తర్వాత ఖాళీ రోడ్డు మీద 20 వేగంలో ఒకసారి ఆపి చూసి, అప్పుడు ప్యాడ్లను డిస్కుకి అలవాటు చేయాలి. 80 నుంచి 20 దాకా మధ్యస్థంగా ఎనిమిది పదిసార్లు తగ్గించాలి, పూర్తిగా ఆపకూడదు, చివర్లో పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లార్చాలి. ఇంటికొచ్చాక నాలుగు చక్రాల వేడి మళ్లీ కొలిచి, హోసుల కొసల దగ్గర, ఎయిర్ బయటకి వదిలే బ్లీడర్ల దగ్గర చేత్తో తడిమి చూడాలి. వంద కిలోమీటర్ల తర్వాత వీల్ నట్ల బిగువు ఇంకోసారి చూసి, రిజర్వాయర్‌లో ఆయిల్ ఎక్కడుందో రాసిపెట్టుకుంటే, వచ్చే నెల అది తగ్గిందో లేదో అనుమానం లేకుండా తెలుస్తుంది.